ఒక్కపని మావయ్య సంతకం

మావయ్య ఒక సమయంలో ఒకే పని చేస్తాడు. ఇది విని "ఓస్, ఇంతేనా, మంచి అలవాటే కదా" అనుకునేవాళ్ళు ఆయనతో కలిసి ఒక్కసారి వీధి చివరిదాకా నడిచి చూడాలి. నడవడం ఒక పని. మాట్లాడడం ఇంకో పని. పక్కవాళ్ళు ఏదైనా అడిగితే ఆయన ఆగిపోతాడు. ఆగి, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుని, జవాబు చెప్పి, "అంతేనా? ఇంకేమన్నా ఉందా?" అని కనుక్కుని, అప్పుడు మళ్ళీ బయల్దేరతాడు. ఇంటినుంచి ఆయన పనిచేసే కాలేజీకి పది నిమిషాల దారి. వాగుడుకాయ ఎవరైనా తోడు దొరికితే గంట పడుతుంది. పాపం వీధిలోవాళ్ళు ఆయన్ని పలకరించడం మానేసి, దూరంనుంచే చెయ్యి ఊపడం మొదలుపెట్టారు. అదీ లాభం లేకపోయింది. తిరిగి చెయ్యి ఊపడానికి కూడా ఆయన ఆగాల్సిందే కదా!

ఒకసారి బజారుకు వెళ్దామని బస్ స్టాపులో నిలబడి బూటు లేసు కట్టుకుంటుంటే బస్సు వచ్చింది. ఇంకొకరైతే లేసు వేలాడేసుకునే ఎక్కేస్తారు. మావయ్య తల ఎత్తలేదు. కుడి బూటు ముడి వేసి, ఎడమ బూటు ముడి గట్టిగా ఉందో లేదో చూసుకుని, తీరుబడిగా లేచాడు. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. తర్వాతి వారం డ్రైవరు ఉండబట్టలేక అడిగాడు.

"పోయినవారం బస్సు మీ ముందే ఆగింది సార్. చూడలేదా?"

"లేదండీ. లేసు చూస్తున్నాను."

అప్పటినుంచి ఆ డ్రైవరు ఆ స్టాపులో బస్సు ఆపగానే ముందు మావయ్య బూట్లకేసి చూసేవాడు.

ఆయన పెళ్ళి ఫోటో సంగతి అయితే చుట్టాలందరికీ కంఠతా వచ్చు. ఫోటోగ్రాఫరు "ఇటు చూసి నవ్వండి సార్" అన్నాడు. "ముందు ఏది?" అన్నాడు మావయ్య. ఫోటోగ్రాఫరు సరదాగా అంటున్నాడనుకుని క్లిక్కుమనిపించాడు. అందులో మావయ్య కెమెరాలోకి సూటిగా, పరీక్ష రాస్తున్నంత గంభీరంగా చూస్తున్నాడు. రెండోసారి "నవ్వండి సార్ బాబూ" అన్నాడు. అందులో మావయ్య హాయిగా నవ్వుతున్నాడు, కళ్ళు మూసుకుని. అత్తయ్య ఆ రెండు ఫోటోలనూ ఫ్రేము కట్టించి హాల్లో పక్కపక్కన తగిలించింది. "ఒకటి చూసి వెంటనే రెండోది చూడండి. నా మొగుడు నవ్వుతూ చూస్తున్నట్టే ఉంటుంది" అని వచ్చినవాళ్ళకు చూపించేది.

అత్తయ్య ఆస్పత్రిలో నర్సు. ఒక చేత్తో సూది వేస్తూ, ఇంకో చేత్తో దుప్పటి సర్దుతూ, పక్క మంచం మీదివాణ్ణి కళ్ళతోనే మందలించగలదు. అలాంటి మనిషికి ఇలాంటి మొగుడు. అన్నం తింటూ మావయ్య మాట్లాడడు. మాట్లాడకపోతే పోయె, వినడు కూడా. అత్తయ్యకు కోపం వచ్చినప్పుడల్లా ఆయన కంచం ముందే ఉండేవాడు. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, "ఆఁ, ఇప్పుడు తిట్టు" అని వచ్చి కూర్చునేసరికి ఎందుకు తిట్టాలనుకుందో ఆవిడ మర్చిపోయేది.

"మా కాపురం ఇన్నేళ్ళు చల్లగా సాగిందంటే అది నా మతిమరుపు పుణ్యం" అనేది అత్తయ్య.

ఇవన్నీ మేనకోడలికి పుట్టినప్పటినుంచీ తెలుసు. రెండు కుటుంబాలవీ పక్కపక్క ఇళ్ళు, మధ్యలో ఒక తలుపు, ఆ తలుపు వేసిన రోజు లేదు. ఆమెకు లెక్కలు నేర్పింది మావయ్యే. పెన్సిలు చెక్కేటప్పుడు లెక్క గురించి ఆలోచించనిచ్చేవాడు కాదు. "ముందు పెన్సిలు, అమ్మడూ. దానికి నీ ధ్యాసంతా ఇయ్యి. తర్వాత లెక్కకి ఇద్దువుగాని." ఆ పిల్లకు తరగతిలో అందరికంటే సన్నటి పెన్సిలు ఉండేది, అందరికంటే మంచి మార్కులూ వచ్చేవి.

ఇంతకీ మావయ్య ఉద్యోగం ఏమిటంటే, కాలేజీలో టైమ్‌టేబుల్ గుమస్తా. ఆయన గదిలో ఒక గోడ మొత్తం మెత్తటి బోర్డు. దానిమీద గడులు, గడుల్లో రంగు చీటీలు, ఒక్కో చీటీకి నాలుగు మూలలా నాలుగు గుండుసూదులు. గణితానికి నీలం చీటీ, చరిత్రకు ఇటుక రంగు, మిగతావాటికి మిగతా రంగులు. ఏ క్లాసు, ఏ గది, ఏ గంట అన్నది ఆ గోడ చెప్పినట్టే నడుస్తుంది. కాలేజీవాళ్ళు ఆ పని చేసే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి కొన్నారు. నేర్పడానికి వచ్చిన కుర్రాడు ఉత్సాహంగా "ఇది ఒకేసారి పద్దెనిమిది పనులు చేస్తుంది సార్" అన్నాడు. మావయ్య ఆ కంప్యూటర్ మీద చక్కగా ఒక గుడ్డ కప్పాడు. ఇరవయ్యారేళ్ళలో ఆ గోడమీద ఒక్క తప్పు పడలేదు. కాలేజీలో ఆయన్ని అందరూ ఒక్కపనిగారు అనేవాళ్ళు. ఆయన చీటీ గుచ్చుతుండగా ఫోను మోగితే మోగి మోగి ఆగిపోయేది. అవతల ప్రిన్సిపాలే ఉన్నా సరే.

"అవసరమైతే మళ్ళీ చేస్తారు" అనేవాడు నాలుగో సూది గుచ్చుతూ కాదు, గుచ్చాక.

మేనకోడలు అదే కాలేజీలో గణితంలో చేరింది. చేరిన మొదటి ఆదివారం మావయ్య ఆమె ఇంటికి వచ్చి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఆ ఏటి టైమ్‌టేబుల్‌ను చిన్న అట్టముక్క మీద తన చేత్తో ఎత్తి రాసిచ్చాడు. ఇంకే పిల్లకూ ఆ భోగం లేదు. ఆ అట్ట ప్రకారం బుధవారం పదింటికి గణితం, నలభై ఒకటో గది. పదకొండింటికి మళ్ళీ గణితం, పద్నాలుగో గది.

పదకొండింటికి పద్నాలుగో గదికి వెళ్ళి కూర్చుంది. తన క్లాసు పిల్లలు ఒక్కరూ కనిపించలేదు. లేచి పోదామనుకునేలోపల పొట్టి జుట్టు మేడమ్ ఒకావిడ లోపలికి వచ్చి తలుపు వేసింది. బల్లమీద పుస్తకం పెట్టలేదు, సుద్దముక్క తీసుకోలేదు. కిటికీలోంచి ఎదురుగోడ చూపించి "గడియారాలు లేని రోజుల్లో ఒక వీధి" అంటూ మొదలుపెట్టింది. ఆ వీధిలో కొట్లవాళ్ళు గోడమీద నీడ ఏ రాయిదాకా వచ్చిందో చూసి కొట్టు తెరిచేవాళ్ళట. ఏ రాయి దాటిందో చూసి కట్టేసేవాళ్ళట. చెప్పులు కుట్టేవాడి రాయి వేరట, రొట్టెలు కాల్చేవాడి రాయి వేరట. మేనకోడలు లేవాలన్న సంగతే మర్చిపోయింది.

"సరే, మరి మబ్బు పట్టిన రోజున ఏం చేసేవాళ్ళు?" అంది మేడమ్.

గంట కొట్టారు. "వచ్చేవారం చెప్పుకుందాం" అని ఆవిడ వెళ్ళిపోయింది.

అది చరిత్ర క్లాసని, అట్టమీద మావయ్య తప్పు రాశాడని ఆ పూటే తెలిసింది. ఇరవయ్యారేళ్ళలో తప్పు చేయని మనిషి! చెబితే ఎంత నొచ్చుకుంటాడోనని ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. అట్టను పుస్తకంలో దాచేసింది. కానీ ఆ ప్రశ్నను ఎక్కడ దాచాలో తెలియలేదు. తర్వాతి బుధవారం వెళ్ళి తలుపు బయట నిలబడింది. లోపల మేడమ్ ఏదో అంది, క్లాసంతా గొల్లున నవ్వింది. జవాబు మాత్రం వినపడలేదు. ఆ క్లాసు పిల్లల్ని అడిగితే చెప్పేవాళ్ళే. కానీ ఎవరో చెప్పగా వినాలని లేదు. ఆ గదిలో, ఆ బెంచీ మీద కూర్చుని వినాలని ఉంది.

అదేం చిత్రమో గానీ, చరిత్ర క్లాసులన్నీ ఆమెకు ఖాళీ ఉన్న గంటల్లోనే పడేవి. ఏడాదిన్నరపాటు ఆ పిల్ల వారానికి మూడుసార్లు ఆ వరండాలో నిలబడింది. ఊరికే నిలబడితే బాగుండదు కదా, అందుకని తలుపు పక్కనున్న నోటీసు బోర్డు చదువుతున్నట్టు నటించేది. ఆ బోర్డు మీద ఒకే ఒక్క కాగితం ఉండేది. "గొడుగు పోయింది. నీలిరంగు. పిడి విరిగినది. దొరికినవారు దయచేసి తెలుపగలరు." రెండో ఏడు వచ్చేసరికి ఆ గొడుగంటే ఆమెకు దిగులు పట్టుకుంది. ఎక్కడుందో, వానలో తడుస్తోందో ఏమో అనిపించేది. లోపలినుంచి అరకొరగా మాటలు వచ్చేవి. ఏదో రాజ్యం పోయింది, ఎవరో ఉత్తరం రాశారు, ఎందుకు రాశారో చెప్పేలోపల ఎవరో దగ్గేవారు. గంట కొట్టాక పిల్లలు మాట్లాడుకుంటూ బయటికి వస్తుంటే ఆమెకు ఏడుపొచ్చినంత పనయ్యేది.

పోనీ గణితమంటే ఇష్టం లేదా అంటే, అలాగూ కాదు. ఒక లెక్క తేలినప్పుడు ఒళ్ళంతా తేలికైపోయేది. దాన్ని వదులుకోవడమంటే ఊహకే అందదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

రెండో ఏడాది మధ్యలో, ఆ ఏడు పిల్లలకు ఏటా పెట్టే ప్రకటన కాలేజీవాళ్ళు పెట్టారు. కావలసినవాళ్ళు రెండు ప్రధాన విషయాలు కలిపి చదువుకోవచ్చు, డబుల్ మేజర్. శుక్రవారం నాలుగు గంటల్లోపు ఫారం ఇవ్వాలి. ఫారం మీద రెండు శాఖల పెద్దల సంతకాలు, ఇంటివాళ్ళ సంతకం, రెండు విషయాల క్లాసులూ ఒకే గంటలో పడడం లేదని టైమ్‌టేబుల్ గుమస్తా సంతకం ఉండాలి.

గురువారం సాయంత్రం ఆ ఫారం భోజనాల బల్లమీద పెట్టింది. కిటికీలకున్న పసుపు కర్టెన్లలోంచి ఎండ పడి బల్లంతా పచ్చగా ఉంది. నాన్న కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు, ఏం మాట్లాడినా అద్దాలతోనే మొదలవుతుంది.

"రెండు కళ్ళజోళ్ళు ఒకదానిమీద ఒకటి పెట్టుకుంటే ఏమీ కనపడదమ్మా. రెండూ చేద్దామంటే రెండూ పాడవుతాయి."

"నాన్నా, ఒకే జోడులో పైన దూరానికి, కింద దగ్గరికి రెండు అద్దాలు పెట్టి అమ్మేది నువ్వే కదా?"

నాన్న అమ్మకేసి చూశాడు. అమ్మ కర్టెన్లకేసి చూసింది.

"అది... మొదట్లో కళ్ళు తిరుగుతాయి" అన్నాడు నాన్న.

"తర్వాత అలవాటవుతుందని షాపులో చెప్తావుగా."

"షాపు మాటలు ఇంట్లో ఎందుకే?" అని కాసేపు గడ్డం గోక్కుని, నాన్న ఒక ఉపాయం కనిపెట్టాడు. "సరే. మీ మావయ్య సంతకం పెడితే నేనూ పెడతా. ముందు ఆయన్ని ఒప్పించుకో."

అమ్మకు నవ్వాగలేదు. "మా తమ్ముడా? రెండు చదువులకా? వాడు టీ తాగేటప్పుడు ఊపిరి కూడా పీల్చడండీ!"

నాన్న తృప్తిగా పేపరు తీసుకున్నాడు. మేనకోడలు ఫారం మడిచి, తన గదిలోకి వెళ్ళి కూర్చుంది. వాళ్ళు నవ్వారని కాదు ఆమె బాధ. ఒకవేళ వాళ్ళన్నదే నిజమైతే? అటు లెక్కలూ చేతిలోంచి జారిపోయి, ఇటు కథలూ దక్కకపోతే? మావయ్య వద్దంటే, పోనీలే, వద్దన్నాడు కాబట్టి మానేశాననుకోవచ్చు. అప్పుడు జీవితాంతం ఆ గొడుగు నోటీసు గుర్తొచ్చినప్పుడల్లా ఏమనుకోవాలో మాత్రం తెలియలేదు.

శుక్రవారం గణితం పెద్దాయన తల ఎత్తకుండా సంతకం పెట్టేశాడు. చరిత్ర మేడమ్ మాత్రం పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వే కదూ, మా తలుపు దగ్గర గొడుగు నోటీసు చదివే అమ్మాయివి?"

మేనకోడలికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "అవును మేడమ్."

"ఏడాదిన్నరగా చదువుతున్నావు. ఏమన్నా ఆచూకీ తెలిసిందా?"

"లేదు మేడమ్. అది... మీదా?"

"నాదే" అంది ఆవిడ సంతకం పెడుతూ. "దొరికితే చెప్పు."

మావయ్య గదికి వెళ్ళేసరికి మూడైంది. ఆయన వచ్చే అర్ధసంవత్సరం చీటీలు గుచ్చుతున్నాడు. మేనకోడలు గుమ్మంలో నిలబడింది. మొదటి సూది. రెండో సూది. మూడోది వంగితే దాన్ని తీసి, ఇంకోటి ఏరి, గుచ్చాడు. నాలుగోది గుచ్చి ఇటు తిరిగాడు.

"రా అమ్మడూ. ముందు కూర్చో."

కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు."

"మావయ్యా, నేను రెండు మేజర్లు తీసుకుందామనుకుంటున్నా. నీ సంతకం కావాలి."

మావయ్య కళ్ళజోడు తీసి, మడిచి, బల్లమీద పెట్టాడు. ఈ మూడు పనులూ మూడు నిమిషాలు పట్టినట్టనిపించింది ఆమెకు.

"ఏ రెండు?"

"గణితం, చరిత్ర."

ఆయన చేతిలో ఇంకో సూది ఉన్నట్టుంది, అది కిందపడింది. వంగి తీసుకోలేదు. పడిన సూదిని పడినచోటే వదిలేసిన మావయ్యను ఆమె అంతకుముందెప్పుడూ చూడలేదు.

"వద్దనేట్టయితే చెప్పెయ్ మావయ్యా, ఏమనుకోను. నాకూ భయంగానే ఉంది. రెండూ పాడవుతాయని నాన్న అన్నాడు. నువ్వూ అదే అంటావని తెలుసు."

"నేనెప్పుడన్నాను?"

"అయ్యో రామ! పుట్టినప్పటినుంచీ అదే కదా అంటున్నావ్!"

"ఒకేసారి రెండు పనులు వద్దన్నాను" అన్నాడు మావయ్య. "రెండు పనులు వద్దని ఎప్పుడన్నాను?"

మావయ్య గోడకేసి చెయ్యి చూపించాడు.

"లేచి ఆ గోడ చూడు. నీలం చీటీలు ఎక్కడెక్కడున్నాయో చూడు. అవయ్యాక ఇటుక రంగువి చూడు. రెండూ కలిపి చూడకు, కళ్ళు చెదురుతాయి."

ఆమె లేచి, సోమవారం నుంచి శుక్రవారం దాకా వేలుపెట్టి చూసింది. నీలం, దాని పక్క గంటలో ఇటుక. నీలం, మళ్ళీ పక్కనే ఇటుక. ఒక్క గడిలో కూడా రెండూ కలిసి లేవు.

"పోయిన ఏడూ ఇంతేనా?"

మావయ్య లేచి బీరువా తెరిచాడు. ఏడాదికొకటి చొప్పున చుట్టచుట్టిన కాగితాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి, అంచులు పసుపెక్కినవి, చెదలు కొట్టినవి. ఆమె చేతికందినవి మూడు నాలుగు విప్పింది. మొదటి ఏడాదిది కూడా విప్పింది. అన్నిట్లో అంతే. తనకు ఖాళీ ఉన్న గంటలోనే చరిత్ర క్లాసు పడడం అదృష్టమనుకుంది ఇన్నాళ్ళూ.

"ఎవరికోసం మావయ్యా ఇది?"

ఆయన కిటికీ బయటికి చూశాడు. చూడడం అయ్యాక మాట్లాడాడు. "నేనిక్కడే చదివాను కదా. నాకూ ఈ రెండే కావాలనిపించింది. అప్పట్లో మంగళవారం పదకొండింటికి రెండు క్లాసులూ ఒకేసారి పెట్టారు. అరగంట ఇక్కడ కూర్చుని, ఆవరణంతా పరిగెత్తి, అరగంట అక్కడ కూర్చునేవాణ్ణి. ఇక్కడ లెక్క సగంలో లేచిపోయేవాణ్ణి. అక్కడికి వెళ్ళేసరికి కథ మొదలు అయిపోయేది. ఒక టర్మంతా అలా పరిగెత్తాను. చివరికి ఊపిరాడక చరిత్ర వదిలేశాను. నాకది చేతకాదనుకున్నారు అందరూ. చేతకాక కాదమ్మడూ. మంగళవారం పదకొండు గంటలు, అంతే."

"మరి ఈ ఉద్యోగం..."

"ఖాళీ ఉందన్నారు, చేరాను. మొదటి రోజు ముందుగా ఈ రెండు రంగులూ పెట్టాను, ఒకదాని పక్కన ఒకటి, ఒకదానిమీద ఒకటి పడకుండా. తర్వాతే మిగతావన్నీ. ఎవరో ఒకరు వచ్చి అడుగుతారనుకున్నాను."

"ఎంతమంది వచ్చారు?"

"నువ్వు" అన్నాడు మావయ్య.

ఇరవయ్యారేళ్ళు ఒక మనిషి ఎవరో వస్తారని దారి ఊడ్చిపెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పుస్తకంలోంచి పాత అట్టముక్క తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇది చెప్పకూడదనుకున్నా. కానీ నేను రావడానికి కారణం ఇదే. బుధవారం పదకొండు చూడు."

మావయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఆయన ముఖం ఎర్రబడింది. తర్వాత ఇంకా ఎర్రబడింది. "గణితం పక్కనే చరిత్ర చీటీ... దాన్నీ గణితమనే ఎత్తి రాసేశానా! ఎలా? ఆఁ, గుర్తొచ్చింది. ఆ రోజు మీ అమ్మ పక్కన నిలబడి కర్టెన్లు ఏ రంగువి కొనాలిరా, ఏ రంగువి కొనాలిరా అని ప్రాణం తీసింది. రాస్తూ రాస్తూ 'పసుపు' అన్నాను." అట్టను బల్లమీద పెట్టి వేలితో తట్టాడు. "జన్మలో ఒక్కసారి రెండు పనులు కలిపి చేశాను. చూశావా ఏమైందో!"

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మావయ్య ముందు అలా చేయకూడదని ముందు నవ్వేసి, తర్వాత కళ్ళు తుడుచుకుంది.

"ఇక విను. ఈ సంతకం దారి ఖాళీగా ఉందని చెప్పడానికే. నడవాలో వద్దో మీ నాన్న చెప్పలేడు, నేనూ చెప్పలేను. నీకు కావాలా?"

"కావాలి మావయ్యా" అంది ఆమె. ఇంతకాలం ఎవరితోనూ అనని మాట. "చాలా కావాలి. రెండూ కావాలి."

ఆయన పెన్ను తీసుకున్నాడు. అప్పుడే ఫోను మోగింది. పదకొండుసార్లు మోగి ఆగింది. మావయ్య సంతకం పూర్తిచేసి, చుక్కపెట్టి, సిరా ఆరేదాకా చూసి లేచాడు. ఆ కాగితాన్ని ఆయనే స్వయంగా రిజిస్ట్రారు కిటికీలో ఇవ్వాలని నియమం. నాన్న షాపు మీదుగా వెళ్ళాలి, అది కాలేజీ గేటు ఎదురుగానే ఉంది. గడియారం మూడూ ముప్పైఅయిదు చూపిస్తోంది.

ఆ ఇరవయ్యయిదు నిమిషాలూ మేనకోడలు ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే ఆయన ఆగిపోతాడు. పైగా పది అడుగులు ముందు పరిగెత్తుతూ ఎదురొచ్చినవాళ్ళందరికీ దణ్ణాలు పెట్టింది. "పలకరించకండి ప్లీజ్, మా మావయ్య నడుస్తున్నాడు!" పిల్లలు గోడలకు అంటుకుపోయారు. లైబ్రేరియను తుమ్మబోయి ముక్కు పట్టుకుంది. ప్రిన్సిపాల్ గది తలుపు తెరిచి "ఒక్కపనిగారూ, ఫోను..." అనబోయి, సంగతి చూసి, నోటిమీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తగ్గాడు.

షాపులో నాన్న ఆ సంతకం చూసి నమ్మలేదు. అద్దాలు పరీక్షించే భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎదురుగా నిలబడ్డ బావమరిదిని చూశాడు.

"ఏమయ్యా, నువ్వేనా పెట్టింది?"

మావయ్య నిలబడే ఉన్నాడు కాబట్టి జవాబు చెప్పగలిగాడు. "నేనే బావా. ముందు సంతకం పెట్టు. తర్వాత తిట్టు."

నాన్న కూతురి ముఖంకేసి ఒకసారి చూసి పెట్టేశాడు. "మొదట్లో కళ్ళు తిరుగుతాయి. అలవాటయ్యేదాకా మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త" అన్నాడు, రెండద్దాల జోడు కొన్నవాళ్ళకు చెప్పినట్టే. నాలుగుకు రెండు నిమిషాలుందనగా ఫారం కిటికీలో పడింది.

తర్వాతి బుధవారం పదకొండింటికి ఆమె పద్నాలుగో గదిలో, అదే బెంచీ మీద కూర్చుంది. తలుపు ఈసారి తన వెనక మూసుకుంది. మేడమ్ "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అనగానే చెయ్యెత్తింది.

పన్నెండుకల్లా మావయ్య గది గుమ్మంలో ఉంది. ఆయన బోర్డు దగ్గర చీటీ గుచ్చుతున్నాడు. మొదటి సూది అయింది. ఇంకా మూడున్నాయి కదా అని ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇంతకీ మబ్బు పట్టిన రోజున ఏం చేసేవాళ్ళట?"

ఆమె ఉలిక్కిపడింది. మావయ్య ఇటు తిరగలేదు. చేతులు బోర్డు మీదే ఉన్నాయి, రెండో సూది సగం గుచ్చి ఉంది. ఆ ప్రశ్న సంగతి తను ఆయనకు చెప్పనేలేదు.

"నీకెలా తెలుసు?"

"మా రోజుల్లోనూ ఆ పాఠం ఉండేది. ఇదే ప్రశ్న అడిగారు. ఆ ఒక్క వారం ముందు కథకే వెళ్ళాను, సరిగ్గా అప్పుడే లేచి లెక్కల క్లాసుకు పరిగెత్తాల్సొచ్చింది. ఊఁ, చెప్పు చెప్పు."

"వీధిలోకి వచ్చి ఒకరినొకరు అడుక్కునేవాళ్ళట మావయ్యా, టైమెంతై ఉంటుందని. రొట్టెలవాడు ఒకటంటే చెప్పులవాడు ఇంకోటనేవాడట. అలా మాట్లాడుకుంటూనే సాయంత్రమైపోయేదట. మబ్బు పట్టిన రోజున ఎవరూ ఏ కొట్టూ తెరిచేవాళ్ళే కాదట!"

మావయ్య పగలబడి నవ్వాడు. కళ్ళు తెరుచుకునే, గోడకేసి చూస్తూనే, చేతిలో సూది గుచ్చుతూనే నవ్వాడు. చీటీ వంకరగా పడింది. మేనకోడలు అది చూసింది గానీ ఏమీ అనలేదు. చెబితే ఆపేస్తాడని భయం.